ఆకాశానికి బదులు

వాషింగ్ మెషీన్ పని ముగించి బీప్ బీప్‌మంటే ఇంట్లో ఎవరూ కదలరు, నేనే పరుగెత్తుతాను. అది చిన్నప్పుడు డోన్‌లో అబ్బిన బుద్ధి.

మా నాయన అక్కడి రైల్వే స్టేషన్లో తంతి గుమాస్తా; తీగ మీద వచ్చే టకటకల్ని చుక్కలూ గీతలుగా విని అక్షరాలు రాసుకునేవాడు. రష్యావాళ్లు తొలి ఉపగ్రహాన్ని వదిలిన ఏడు, ఒక సాయంత్రం మా రేడియోలో దాని బీప్ బీప్ కూత దొరికింది. నాయన పుస్తకంలో చుక్కలు పెడుతున్నాడు.

"ఏమంటాండాది నాయనా?"

"వట్టి చుక్కలేమ్మా. ఒక్క అక్షరమూ పలకల్యా."

అవతలి స్టేషన్, మనం బదులు కొట్టేదాకా పిలుస్తూనే ఉంటుందని నాకు తెలుసు. పాపం, పైనున్న మనిషికి ఎవరూ బదులివ్వడం లేదు! గరిటె తీసుకుని చెంబు మీద టకటకా కొట్టాను. కాసేపటికి కూత ఆగిపోయింది.

"విన్యాడు నాయనా!"

ఉపగ్రహం మన ఆకాశం దాటిపోయిందని ఆయనకు తెలుసు. అయినా చివరి చుక్క పక్కన టైము వేసి, 'బదులిచ్చినది: మా పాప' అని రాశాడు.

ఆ డ్యూటీ నుంచి నన్నింకా ఎవరూ రిలీవ్ చెయ్యలేదు.