పిట్ట బాబాయి కరెంటు పిల్లనగ్రోవి

వీధిలో అందరికీ ఆయన పిట్ట బాబాయి. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, ఆ బిల్లు తెచ్చేవాడు కూడా గుమ్మంలో నిలబడి "పిట్ట బాబాయ్ ఉన్నాడా?" అనే అరుస్తాడు.

పని కళ్లజోళ్లు బాగుచెయ్యడం. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఆగాల్సినంత చిన్న కొట్టు. ఓ అద్దం, ఫ్రేముల కాళ్లు వేడిచేసి వంచే హీటరు, ఆవగింజంత మరలున్న రేకు డబ్బా. ఆ మర ఒక్కటి కింద పడిందా, వచ్చినవాళ్లంతా మోకాళ్ల మీద వెతకాల్సిందే, పెద్దా చిన్నా తేడా లేదు. బేరం లేనప్పుడు చొక్కా జేబులోంచి జానెడున్నర ఇత్తడి పిల్లనగ్రోవి తీసి, నిలువుగా నోట్లో పెట్టుకుని ఊదుకుంటాడు. మేనమామ దగ్గర నేర్చుకున్న విద్య. ఆ పిల్లనగ్రోవి గొంతు సన్నం, సూదిమొన లాంటి సన్నం. పిట్ట అన్న పేరు అందుకే వచ్చింది.

ఇక పిన్ని సంగతి. ఆవిడకి ఊదడం రాదు, వినడం వచ్చు. ఆ వినడం మామూలుది కాదు బాబూ! నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఏ పాట ఊదినా ఏదో ఒక వంక పెట్టకుండా కుర్చీలోంచి లేచింది లేదు. ఇక్కడ తొందరపడ్డారనీ, అక్కడ ఊపిరి ఎండిపోయిందనీ. బాబాయి మూతి ముడుచుకుని మళ్లీ ఊదేవాడు. మళ్లీ ఊదితే పాట నిజంగానే బాగుండేది. ఒళ్లు మండేది కూడా దానికే.

రెండేళ్ల నుంచి ఆ వంకలు ఆగిపోయాయి. ఏది ఊదినా "చాలా బాగుందండీ" అనేది. పిచ్చిమారాజు, తన విద్య పండిందనుకున్నాడు! నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ఓ ఆదివారం సాయంత్రం పక్క వాటాలో పసిపిల్ల నిద్రపోతోందని, ఊదకుండా వేళ్లు మాత్రం ఆడిస్తూ ఓ పాట వల్లె వేసుకుంటున్నాడు. ఎదురుగా పిన్ని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పాట అయిపోయింది, వేళ్లు ఆగాయి. పిన్ని తలెత్తి "చాలా బాగుందండీ" అంది.

బాబాయి ఊదని పిల్లనగ్రోవి వంకా, ఆవిడ చెవుల వంకా చూశాడు. ఊరందరి కళ్లూ సరిచేసే మనిషికి సొంతింట్లో చెవుల సంగతి తెలియలేదు. దీపం కింద చీకటంటే ఇదే కదా.

చెవుల డాక్టరమ్మ కాగితం మీద ఓ గీత చూపించింది. లారీ మోత, తలుపు చప్పుడు, మగవాళ్ల గొంతు, వీటి దగ్గర గీత తిన్నగానే ఉంది. సన్నటి స్వరాల దగ్గరికొచ్చేసరికి నూతిలో పడ్డ చేదలా దిగిపోయింది. బాబాయి పిల్లనగ్రోవి సరిగ్గా ఆ నూతి అడుగున ఉంది. చెవిలో మిషను పెట్టారు. మాటలకి బాగానే పనికొచ్చింది గానీ, పిల్లనగ్రోవి ఊదితే గాజుపలక మీద మేకుతో గీసినట్టుందని పిన్ని చెవులు మూసుకుంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమే?"

"చెబితే మీరు ఊదడం మానేస్తారు. మీ సంగతి నాకు తెలియదూ!"

ఆవిడ అన్నట్టే అయింది. మానేశాడు. మూడు వారాలపాటు కొట్లో హీటరు బుసలు తప్ప ఇంకో చప్పుడు లేదు. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లు "ఏం బాబాయ్, ఒంట్లో బాగాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు. బాగానే ఉందని కసురుకునేవాడు. ఆవిడకి వినపడని పాట ఎవరి కోసం ఊదాలి? ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి?

అప్పుడు కూతురు ఫోను చేసింది. "నాన్నా, ఊదేవాటిల్లో ఎలక్ట్రానిక్‌వి వచ్చాయి. మా ఆఫీసులో ఒకాయన దగ్గరుంది. మీట నొక్కితే లావు గొంతుతో పలుకుతుంది. అమ్మకి వినపడే గొంతు అందులో ఏదో ఒకటి దొరక్కపోదు. మీరిద్దరూ వెళ్లి చూడండి."

"కరెంటుతో ఊదేదేమిటే, మిక్సీలాగా!" అన్నాడు గానీ, మర్నాడు మధ్యాహ్నమే కొట్టు మూసి పిన్నిని వెంటబెట్టుకుని వాయిద్యాల షాపుకి బయల్దేరాడు.

షాపులో ఉన్న అమ్మాయి చురుకైనది. గాజు బల్ల మీద మూడు రకాలు వరసగా పెట్టింది. బాబాయి ముందు పిన్నిని చూసుకున్నాడు.

"నువ్వు ఆ స్టూలు మీద గుమ్మం వైపు తిరిగి కూర్చో. నా వేళ్లు చూడ్డానికి వీల్లేదు."

"పరీక్షా నాకు?"

"పరీక్షే. ఆ మిషను కూడా తీసెయ్."

పిన్ని రుసరుసలాడుతూ మిషను తీసి పర్సులో వేసుకుని, వీపు చూపించి కూర్చుంది.

మొదటిది చేతికి తీసుకోగానే బాబాయి దాన్ని చంకలో పెట్టుకున్నాడు. షాపు అమ్మాయి నోరు తెరిచింది.

"అంకుల్, ఏం చేస్తున్నారు?"

"వెచ్చబెడుతున్నానమ్మా. చల్లగా ఉంటే శ్రుతి నిలవదు."

"అది ప్లాస్టిక్ అంకుల్! శ్రుతి లోపల చిప్పులో ఉంటుంది."

చంకలోంచి తీసి ఊదాడు. దానికి రంధ్రాల్లేవు, తాకితే చాలు పలికే మెరుపు బిళ్లలున్నాయి. పిల్లనగ్రోవి పట్టుకునేవాడు వేళ్లు ఊరికే ఆనించి ఉంచుతాడు కదా, ఇక్కడ ఆనించిన ప్రతి వేలికీ అదో స్వరం పలికేస్తోంది. ఒక పాట ఊదబోతే నాలుగు పాటలు కలిసి తోపులాడుకున్నాయి. మేనమామ నేర్పిన జారుడు వేద్దామని వేలు మెల్లగా పక్కకి లాగాడు. స్వరం జారలేదు, మెట్టు మీంచి మెట్టు మీదికి గెంతింది. అలవాటుకొద్దీ ఉమ్మి పోవడానికి గట్టిగా విదిలించాడు. షాపు అమ్మాయి రెండు చేతులూ చాపి పట్టుకోబోయింది.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు గానీ, నాకు తిరగేసి పడిందమ్మా" అన్నాడు బాబాయి చెమట తుడుచుకుంటూ.

రెండోది కాస్త నయం. అందులో అచ్చం పిల్లనగ్రోవి గొంతే ఉంది. బాబాయి మొహం వెలిగింది, తన పాటల్లో పెద్దది మొదలుపెట్టాడు. రెండు వరసలు సాఫీగా వచ్చాయి. పిన్ని వీపు కదల్లేదు. ఊదడం ఆపి మూతి తుడుచుకున్నాడు. షాపులో ఏ చప్పుడూ లేదు. అప్పుడు పిన్ని, పాట సగంలో ఉందనుకుంది కాబోలు, తల ఊపడం మొదలుపెట్టింది.

షాపు అమ్మాయి నవ్వబోయి, బాబాయి మొహం చూసి ఆగిపోయింది. బాబాయి ఆ వాయిద్యాన్ని బల్ల మీద పెట్టి, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి పోదామనిపించింది ఆయనకి. మళ్లీ జన్మలో ఏదీ ఊదకూడదనిపించింది.

"ఆంటీకి వినపడాలనా?" అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె మూడోది తీసి, ఏవేవో నొక్కి, గొంతు మార్చి, ఒక స్థాయి కిందికి దించి ఇచ్చింది. "ఇప్పుడు ఊదండి అంకుల్. ఇంకా దించితే పాట రాదు, మోటారు మోతే."

ఊదాడు. లావుగా, గంభీరంగా, పెద్ద మగమనిషి గొంతు సవరించుకున్నట్టు వచ్చింది. తన ఊపిరికి ఆ గొంతేమిటో బాబాయికి సిగ్గేసింది.

పిన్ని తల ఊపడం ఆపింది. ఒక చెవి కొద్దిగా ఇటు తిప్పింది.

బాబాయి ఆపలేదు. మొదటి వరస, రెండో వరస. మూడో వరస పై స్థాయిలో ఉంటుంది. ఇత్తడి పిల్లనగ్రోవిలో పైకి వెళ్లాలంటే వేళ్లు మార్చక్కర్లేదు, అవే వేళ్లతో ఊపిరి గట్టిగా కొడితే స్వరం ఎగిరి పైన కూర్చుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బుగ్గలు పూరించి గట్టిగా కొట్టాడు. స్వరం ఎగరలేదు. ఉన్నచోటే ఉండి, బల్ల మీద గాజు అదిరేలా ఘొల్లుమంది.

"అలా కాదంకుల్! గట్టిగా ఊదితే చప్పుడే పెరుగుతుంది, స్వరం పైకి పోదు. వెనకాల చక్రం ఉంది చూడండి, బొటనవేలు దాని మీదికి జరపాలి."

తప్పు చేసిన బడిపిల్లాడిలా తల వంచుకుని, బొటనవేలు జరిపి, మూడో వరస పద్ధతిగా ఊదాడు. స్వరం చక్కగా పైకి వెళ్లింది. షాపు అమ్మాయి "సూపర్!" అంది.

పిన్ని స్టూలు మీద గిర్రున తిరిగింది.

"ఏమైంది? ఎందుకాపారు?"

"ఆపలేదే, ఊదుతూనే ఉన్నా" అన్నాడు.

"మూడో వరస ఇంతకుముందు వచ్చింది, ఇప్పుడు రాలేదు" అంది పిన్ని. ఆవిడ కళ్లు నిండిపోయి ఉన్నాయి, గొంతులో మాత్రం కోపం. "ముందుసారే నయం. వచ్చింది గానీ మీరు తొందరపడ్డారు. అక్కడ ఒక్క క్షణం ఆగి వెళ్లాలని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

రెండేళ్ల తరవాత తిట్టింది! బాబాయి నవ్వాడో ఏడ్చాడో ఆయనకే తెలియలేదు. షాపు అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు.

"చక్రం వాడటమే కరెక్ట్ అంకుల్, ఇంకోసారి చూపిస్తా" అంది.

"వద్దు తల్లీ, నువ్వు చెప్పింది నిజమే, కానీ అంత పైకి పోతే ఆవిడకి అందదు."

పిన్ని మళ్లీ గుమ్మం వైపు తిరిగి, చీర కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాబాయి బొటనవేలు చక్రం మీంచి తీసేశాడు. రెండు వరసలు ఊది, ఒక్క క్షణం ఆగి, మూడోదాన్ని తప్పుగా, గట్టిగా, ఊపిరున్నంత మేరా ఊదాడు.