ఇంగ్లీషు మాస్టారు పాసవ్వాలని

ఆ దేశం పేరు నేను రాయను. అది నా నిరసన. నువ్వు నిరసన తెలుపుతున్న సంగతి ఆ దేశానికి తెలియాలి కదా అని మిత్రులు అంటారు. తెలియకపోయినా సరే. నా పద్ధతి నాది. కంకిపాడులో ఒక పెళ్లిలో నా విస్తరి దాకా వచ్చిన పూతరేకుల పళ్లెం వెనక్కి తిరిగిపోయింది. ఆ పెళ్లికొడుకు కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. నేను ఈనాటికీ వాళ్లింట్లో స్వీటు ముట్టను. వాళ్లేమో నాకు షుగరుందనుకుని జాలిపడుతుంటారు.

నేను ఉయ్యూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఇల్లు విజయవాడ పటమటలో. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా పాకే రోజుల్లో ఆ ట్రాక్టర్ల మీద ఎవరికో ఒకరికి అర్జీ రాస్తూ వస్తాను. మా ఆవిడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉండేది మేమిద్దరం, నా ఫిర్యాదులు.

ఆవిడకి ఆ దేశంలో ఉద్యోగం వచ్చింది. ఊరికే రాలేదు. డ్యూటీ దిగి వచ్చి, అన్నం గిన్నె పక్కన పుస్తకం పెట్టుకుని చదివి, వాళ్లు పెట్టిన పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి పాసైంది. తర్వాత వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. ఆ రోజు నేను వంటింట్లో కుక్కరు కూత వెయ్యకుండా కాపలా కాశాను. ఇంటర్వ్యూ అయ్యాక ఆవిడ గదిలోంచి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏవండీ, అక్కడి పెద్ద డాక్టరు నన్నో మాటడిగాడు. ఆపరేషన్ మధ్యలో ఇలాగైతే, ఈ సందర్భంలో మీరైతే ఏం చేస్తారు అని."

"చెప్పావా?"

"చెప్పాననుకోండి. అది కాదు. అడిగాడండీ."

పదిహేనేళ్లుగా ఆవిడని మన థియేటర్లలో అడిగినవి కత్తెర, దూది, 'సిస్టర్, ఆ ఏసీ పెంచు' లాంటివి. ఆవిడ ఆ ప్రశ్నను వారం రోజులపాటు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పాలు పోసే అతనికి కూడా చెప్పింది.

మా కాగితాలు సిద్ధమయ్యేలోపు రూలు మారింది. సంగతి చెప్పడానికి కన్సల్టెన్సీ అతను ఫోన్ చేశాడు. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"ఇదివరకు నర్సుకొక్కదానికే మేడమ్ ఇంగ్లీషు పరీక్ష. ఇప్పుడు వెంట వచ్చే భర్త కూడా రాయాలంట."

"మా ఆయన ఇంగ్లీషు లెక్చరరండీ."

"ఇంకేం మేడమ్, సార్ ఈజీగా గట్టెక్కేస్తారు."

ఆ 'ఈజీగా' నా గుండెల్లో ముల్లులా దిగింది. ఈజీగా గట్టెక్కడానికి నేనేమైనా ఇంటర్ సెకండియర్ కుర్రాణ్ణా?

అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇద్దరం కలిసే అప్లై చెయ్యాలి. ముందు ఆవిడ వెళ్లి, ఆనక నన్ను పిలిపించుకునే దారి కొత్త రూళ్లలో మూసేస్తున్నారు. ఆవిడ ఉద్యోగానికి కూడా గడువుంది. అంటే ఆ గడువులోపు నేను ఇంగ్లీషులో పాసవ్వాలి. లేకపోతే ఆవిడ ఒక్కతే వెళ్లాలి, లేదా మానుకోవాలి.

"నేను రాయను," అన్నాను.

"ఎందుకండీ?"

"ఇరవై ఏళ్లుగా నేను పేపర్లు దిద్దుతున్నాను. నన్ను దిద్దేవాడెవడు?"

"ఎవడో ఒకడు దిద్దుతాడు లెండి. రాసేస్తే ఓ పూటలో అయిపోద్ది."

నేను వినలేదు. రూళ్లన్నీ చదివాను. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు విశ్వవిద్యాలయం కాగితమిస్తే పరీక్ష అక్కర్లేదని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. ఇంత స్పష్టమైన దారి ఉండగా పరీక్ష రాయడం తల వంచడమే అనిపించింది. సెలవు పెట్టి నేను చదివిన విశ్వవిద్యాలయానికి వెళ్లాను. అక్కడ కిటికీ వెనకున్న ఉద్యోగి నా అర్జీని ఆ చివర నుంచి ఈ చివరకి చదివాడు.

"ఎమ్మే ఇంగ్లీషు ఇంగ్లీషులో చదివానని రాసిమ్మంటారు."

"అవునండీ."

"మరి ఇంకెందులో చదువుతారండీ?"

"అదే రాసివ్వండి."

"అందరికీ తెలిసిందానికి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదండీ. తెలుగు మీడియంలో చదివారనుకోండి, ఇచ్చేవాళ్లం."

అతని మీద పై అధికారికి రాశాను. పై అధికారి దాన్ని అదే కిటికీకి పంపాడు. నేను మళ్లీ వెళ్లాను. ఆ ఉద్యోగి ఈసారి నాకు కుర్చీ వేయించాడు, కాగితం మాత్రం ఇవ్వలేదు. ఈ రాకపోకల్లో గడువులో సగానికి పైగా కరిగిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడకి దెప్పడం రాదు. ఇంట్లో ఆ పనంతా నేనే చేస్తుండటంతో నేర్చుకునే అవకాశం దొరకలేదు.

అనడానికి బదులు ఆవిడ ఒక చీటీ రాసి గుళ్లో వేసింది. గుడి అంటే మా చర్చి. మా పెద్దవాళ్లు గుడి అనే అనేవారు, మేమూ అంతే. అక్కడ ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల పెట్టె పెడతారు. ఎవరి అవసరం వాళ్లు చీటీ మీద రాసి వేస్తే, మా పాస్టరు అయ్యగారు మైకులో చదువుతారు. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం ఒక మోకాలి ఆపరేషన్, ఒక స్థలం తగాదా అయ్యాక అయ్యగారు మూడో చీటీ విప్పారు.

"ఉయ్యూరు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మన మాస్టారు, పరీక్షలో పాసవ్వాలని." ఆగారు. కళ్లజోడు సర్దుకుని చీటీని వెలుతురుకి పెట్టారు. "ఇంగ్లీషులో. ఇంగ్లీషులోనే."

గుళ్లో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు. ఎవరిదో నాకు తెలుసు, పేరు రాయకూడదు కాబట్టి రాయడం లేదు. అయ్యగారు మాత్రం గట్టిగా ప్రార్థన చేశారు. నా నాలుక ముడి విప్పమన్నారు. నేను తలవంచుకుని ఆమేన్ అన్నాను. ఆ పరిస్థితిలో ఆమేన్ అనకుండా ఉండటం ఎలాగో నాకు తెలియలేదు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

"దిగులుపడకు బాబూ. మా మనవడు కూడా ఇంగ్లీషులోనే తప్పాడు. సప్లిమెంటరీలో బయటపడ్డాడు."

ఇంటికొచ్చేదారిలో స్కూటరు మీద వెనక నుంచి మా ఆవిడ అంది. "మీరు పాస్ కాకపోతే నేను వెళ్లనండీ. ఒక్కదాన్నే వెళ్లలేను. కానీ వెళ్లకపోయానే అన్న మాట మాత్రం మీకు రోజూ గుర్తుచేస్తా. మీ దగ్గర ఇన్నేళ్లున్నాను, ఆమాత్రం నేర్చుకోలేనా?"

మర్నాడే పరీక్షకి ఫీజు కట్టాను. గడువు లోపల దొరికింది ఒకే తేదీ. తప్పితే మళ్లీ రాసే సమయం లేదు.

పరీక్ష బెంజి సర్కిల్ దగ్గర ఒక మేడ మీద. లోపలికి పంపేముందు నా వాచీ తీసుకున్నారు, పర్సు తీసుకున్నారు, నీళ్ల సీసాకి ఉన్న కాగితం పీకేశారు. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్ల జేబులు తడిమిన చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను. వరసలో నా వెనక నుంచి ఒకమ్మాయి పలకరించింది.

"నమస్తే సార్. మీరిక్కడ?"

ఇంటర్లో నా దగ్గర చదివిన పిల్ల. ఇప్పుడు మా ఆవిడ ఆసుపత్రిలోనే జూనియర్ నర్సు, మా గుళ్లో పాటల బృందంలో ముందు వరస. ఆ ఆదివారం కూడా ముందు వరసలోనే ఉంది. కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం ఆమెకి లేదు. ఇది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

"సార్, మాట్లాడే పరీక్షలో కార్డు ఇస్తారు కదా. ఎక్కువ ఆలోచించకండి. ఏదో ఒకటి పట్టుకుని చెప్పేయండి."

"నాకు చెబుతున్నావా అమ్మా?"

"అక్క చెప్పమంది సార్," అంది. అక్క అంటే మా ఆవిడ.

వినడం, చదవడం, రాయడం ఇబ్బంది లేకుండా గడిచాయి. చివరిది మాట్లాడటం. చిన్న గదిలో బల్లకి అవతల ఒక పెద్దమనిషి, మధ్యలో రికార్డు చేసే యంత్రం. ఆయన నాకొక కార్డు ఇచ్చాడు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాలు అన్నాడు. కార్డు మీద రాసి ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇది: మీరు ఎప్పుడైనా దేని గురించైనా ఫిర్యాదు చేసిన సందర్భాన్ని వివరించండి.

దేవుడు ప్రార్థన ఇంత సూటిగా విని ఉంటాడని నేను అనుకోలేదు. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దేని గురించని చెప్పను? చెరుకు ట్రాక్టర్లు నిలబడ్డాయి. గ్యాస్ బండ తెచ్చేవాడు బయలుదేరాడు. పై అంతస్తువాళ్ల వాటర్ ట్యాంకు పొంగింది. విశ్వవిద్యాలయం కిటికీ తెరుచుకుంది. వెనక నుంచి పూతరేకులు తోసుకొచ్చాయి. ఏ ఒక్కటి ఎత్తుకున్నా మిగతావాటికి అన్యాయం. నిమిషం అయిపోయింది. ఆయన మొదలుపెట్టమన్నాడు.

విశ్వవిద్యాలయంతో మొదలుపెట్టాను. అది అర్థం కావాలంటే కొత్త రూలు చెప్పాలి. రూలు చెప్పాలంటే పాత రూలు ఎందుకు బాగుండేదో చెప్పాలి. పాత రూలు దగ్గర ఉండగా ఆయన చెయ్యెత్తి, థ్యాంక్యూ అన్నాడు.

"నేనింకా ఫిర్యాదు దాకా రాలేదండీ," అన్నాను ఇంగ్లీషులో.

"ఫర్వాలేదు."

"ఫర్వా ఉందండీ. ఇంత విషయానికి రెండు నిమిషాలు ఎవరు పెట్టారు? దీని మీద ఎవరికి రాయాలి?"

ఆయన యంత్రం వైపు ఒకసారి చూసి, తర్వాతి ప్రశ్న చదివాడు. "సాధారణంగా మనుషులు ఎందుకు ఫిర్యాదు చేస్తారని మీ అభిప్రాయం?"

"మధ్యలో ఆపేస్తారు కాబట్టి," అన్నాను. ఆ తర్వాత ఆయన ఏమడిగినా ముక్తసరిగా అవుననీ కాదనీ చెప్పాను. అలిగాను. పరీక్షలో అలగడానికి మార్కులు ఉండవని నా విద్యార్థులకి నేనే ఏటా చెబుతుంటాను.

ఫలితం ఫోన్‌కి వచ్చింది. మూడింటిలో మంచి మార్కులు. మాట్లాడటంలో తొమ్మిదికి కావలసింది ఆరైతే, వచ్చింది సరిగ్గా ఆరు. అర మార్కు తగ్గితే పోయేవాణ్ణి. మా ఆవిడ "పాసయ్యారా, పాసయ్యారా" అంటూ అప్పుడే వాళ్లక్కకి ఫోన్ చేస్తోంది. నేను మాత్రం ఆ ఆరును చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయికి ఏడున్నర వచ్చిందని తర్వాత తెలిసింది.

మళ్లీ దిద్దమని అడిగే ఏర్పాటు ఉంది. కానీ అడిగితే అది తేలేదాకా ఈ సర్టిఫికెట్ వాడకూడదు. తేలడానికి పట్టే వారాల్లో మా గడువు దాటిపోతుంది. ఇదంతా చదివాక కూడా, ఫోన్‌లో ఆ అర్జీ పేజీ తెరిచి నా వివరాలన్నీ నింపాను. చివరి బటన్ మాత్రమే మిగిలింది. ఇరవై ఏళ్ల సర్వీసుకి ఆరా? పూతరేకుల కంటే ఇది పెద్ద అవమానం కాదా? బొటనవేలు ఫోన్ మీద ఆడుతుండగా మా ఆవిడ వెనక నుంచి వంగి చూసింది. ఫోన్ లాక్కుంటుందనుకున్నాను. లాక్కుంటే బాగుండేది, దాని మీద ఒక ఫిర్యాదు ఉండేది.

ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏవండీ. ఈ సందర్భంలో మీరైతే ఏం చేస్తారు?"

నన్ను ఏడిపించడానికి అడిగిందేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం ఎదురుచూస్తోంది. నేను ఆ పేజీ మూసేశాను.

"పోన్లే," అన్నాను. ఆ మాట నా నోట విన్న గుర్తు మా ఇద్దరికీ లేదు.

ఆదివారం గుళ్లో అయ్యగారు వదల్లేదు. ప్రార్థన ఫలించినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, అది మా ఆనవాయితీ. మోకాలి ఆపరేషన్ ఆయన నడుచుకుంటూ వచ్చి చెప్పాడు. తర్వాత మైకు నా చేతికొచ్చింది. చెప్పాల్సినదంతా నేను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్నాను. కొత్త రూలు, పాత రూలు, కిటికీ, రెండు నిమిషాలు, ఆరు. ఇక్కడ ఆపేవాళ్లెవరూ లేరు. ఆడవాళ్ల వైపు మా ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో బిగబట్టుకుని ఉంది.

"దేవుడి దయవల్ల ఇంగ్లీషులో పాసయ్యాను," అన్నాను. "మేమిద్దరం కలిసి అప్లై చేశాం. స్తోత్రం."

చప్పట్లు కొట్టారు. మోకాలికి కొట్టినదానికంటే ఎక్కువే కొట్టారు. నేను మైకు తిరిగిచ్చేసి కూర్చోబోతుంటే పాటల బృందం ముందు వరస నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది.

"ఎంతొచ్చింది సార్?"

క్లాసులో పేపర్లు ఇచ్చేటప్పుడు అందరి ముందూ ఆ మాట అడిగేది నేను. అయ్యగారు మైకు మళ్లీ నా నోటి దగ్గర పెట్టారు.

"ఆరు," అన్నాను.

"వెనకాల వినపడలేదంట మాస్టారూ," అన్నారు అయ్యగారు.

"ఆరండీ!"

గుళ్లో నవ్వులు లేచాయి. ఆడవాళ్ల వైపు అందరికంటే ముందు నవ్వింది ఎవరో నేను చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వుతోంది. ఆ దేశం పేరు మాత్రం అప్పుడు కూడా నేను చెప్పలేదు.