బుధవారం గడి

కెనడాలోని వాటర్లూలో ముప్పై ఏళ్లుగా కెమిస్ట్రీ ప్రొఫెసరుగా ఉన్న ఎలియాజరు గారు ప్లాస్టిక్‌లో గాజుపొడి కలిపి పల్చటి రేకులు చేస్తారు. ఏ రేకునైనా బలం పరీక్షించే మెషిన్‌కి ఇచ్చేముందు చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మెల్లగా వంచుతారు. చిటుక్కుమంటే అది పనికిరానట్టే. ల్యాబ్‌లో ఒకప్పుడు నలుగురు స్టూడెంట్లు ఉండేవారు, ఇప్పుడు పదిహేడు మంది. రేకులు ఆరబెట్టే ఓవెన్ మాత్రం ఒక్కటే. ఏ రోజు ఎవరి వంతో రాసి దాని తలుపుకి అంటించిన కాగితంలో బుధవారం గడి ఎప్పుడూ ఆయనదే.

ఆ మంగళవారం స్టూడెంట్ హర్షిణి తెచ్చిన రేకు ఆయన చెవి దగ్గర చిటుక్కుమంది.

“రూమ్ హీటర్ మీద ఆరబెట్టావా అమ్మా?”

“ఓవెన్ స్లాట్ దొరకలేదు సర్. వడియాల్లా ఆరిపోతాయనుకున్నా. శుక్రవారం నా పీహెచ్‌డీ కమిటీకి రిజల్ట్ చూపించాలి.”

ఆయన సొరుగులోంచి ఓ జామ్ సీసా తీశారు. అందులో పగిలిన రేకు ముక్కలున్నాయి.

“నేనొచ్చిన మొదటి చలికాలంవి. నేనూ హీటర్ మీదే పెట్టా.”

ఆమె రేకునీ అందులో వేసి మూత బిగించారు. ఓవెన్ దగ్గరికి వెళ్లి, బుధవారం గడిలో తన పేరు కొట్టేసి హర్షిణి అని రాశారు. ఆ ఉదయం ఆయన పోసిన రేకులు బల్ల మీద ఇంకా తడిగానే ఉన్నాయి.