పలాగియా యంత్రాన్ని చల్లారనిచ్చిన రోజు

కొండ మలుపులో బస్సు ఆగింది. కారణం మూడొందల గొర్రెలు. ఎండాకాలపు మేతకి పైకి పోయే మంద దారి ఇవ్వదు, ఇమ్మని ఎవరూ అడగరు కూడా. డ్రైవరు ఇంజను ఆపేసి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. ఆ సందులో, స్టాపు కాని చోట, ఒకావిడ తలుపు బాది ఎక్కింది. అరవై దాటి ఉంటుంది. నల్ల తలగుడ్డ, రబ్బరు బూట్లు, చేతిలో మనిషెత్తు కర్ర. బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నా వచ్చి నా పక్కనే కూర్చుని, కర్ర నా చేతిలో పెట్టింది.

"పట్టుకో. వంచకు. మా దొడ్డి మొత్తం దీని మీదే ఉంది."

చూస్తే కర్రకి చాకుతో కోసిన మూడు గాట్లున్నాయి. మొదటిది తన మోచేతి ఎత్తని ఆవిడే చెప్పింది. రెండోది వాగు మీది చెక్కవంతెన వెడల్పు. మూడోది గడ్డిబీడుకి వెళ్ళే దారిలో రెండు ప్లమ్ చెట్ల మధ్య సందు.

"దేనికమ్మా ఇదంతా?"

"గడ్డికోత మిషను కొనడానికి. సెకండ్ హ్యాండుది. కొత్తది కొనాలంటే కొండ కూడా అమ్ముకోవాలి, ఇంక కొయ్యడానికి ఏముంటుంది?"

పేరు పలాగియా దుంకా. భర్త ఇలారియే పోయినేడు గడ్డివామి మీంచి జారి పడ్డాడు. తుంటి అతుక్కుంది గాని, పొడుగు కొడవలి తిప్పే నడుము మాత్రం తిరిగి రాలేదు. ఉన్న బీడు గోడలా నిలువు. ఒక్కతే కొడవలితో కోస్తే మంచు పడేవరకూ కోస్తూనే ఉండాలి. సోమవారం కోత మొదలైతే చలికాలానికి సరిపడా గడ్డి చేరుతుంది. కాకపోతే ఇప్పుడు మేం వెళ్తున్న ఈ సంతకే వచ్చే గురువారం దుమానాని అమ్మకానికి తోలుకురావాలి. దుమానా అంటే ఆవు. ఆదివారం పుట్టిన ఆవుకి ఇక్కడ పెట్టే పేరది.

"మా మరిది అప్పుడే బేరగాణ్ణి కూడా చూసి పెట్టాడు, మహానుభావుడు," అంది పలాగియా. "మనం అడగని పనులు ఎంత చురుగ్గా చేస్తాడో!"

నేను ఈ ఇజా లోయకి ఒక వారం ఉందామని వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అప్పట్లో జూన్ సాయంత్రాలు ప్రతి వాకిట్లోనూ కొడవలి అంచుని సుత్తితో సాగగొట్టే చప్పుడు వినపడేది. ఇప్పుడు ఆ చప్పుడు తగ్గింది, ఇంజన్ల మోత పెరిగింది. ఈ గడ్డికోత యంత్రం చూడ్డానికి రెండు చక్రాల మీద నడిచే మంగలి మిషను. ముందు రెండు వరసల పళ్ళు, ఒక వరస కదలదు, రెండోది దాని మీద అటూ ఇటూ ఆడుతుంది. వెనక రెండు పిడులు పట్టుకుని మనిషి నడుస్తాడు. మంగలి మిషన్ని చూసే దీన్ని చేశారని ఒక పాత పుస్తకంలో చదివాను. దీన్ని చూసే మంగలి మిషన్ని చేశారని ఇంకో పుస్తకంలో చదివాను. రెండూ బరువైన పుస్తకాలే. స్విట్జర్లాండులో ముప్ఫై ఏళ్ళు కొండలు గొరిగిన యంత్రాలు లారీల్లో మా సంతకి వస్తాయి. ఇక్కడ ఇంకో ముప్ఫై ఏళ్ళు గొరుగుతాయి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్తాయో ఏ పుస్తకమూ చెప్పలేదు.

బస్సు దిగి నేనూ ఆవిడ వెంటే నడిచాను. సంతలో పశువుల వరసకి అవతల లాజర్ అనే వ్యాపారి యంత్రాలు బారులు తీర్చి ఉన్నాయి. అతను మమ్మల్ని చూసి, నా వైపు తిరిగి చెయ్యి చాచాడు.

"రండి పెద్దాయనా! మీ ఆవిడ పేరు చెప్పుకుని ఒక మంచి బండి ఇస్తాను."

"ఆయన బస్సులో పక్క సీటు," అంది పలాగియా. "కొనేది నేను. ఇటు తిరుగు అబ్బాయ్."

లాజర్ ఇటు తిరిగి, వరసలో అన్నిటికంటే పెద్ద ఎర్ర యంత్రాన్ని చూపించాడు. పలాగియా కర్రని దాని పళ్ళ వరస మీద ఆనించింది. పళ్ళ వరస మూడో గాటు దాటి జానెడు బయటికొచ్చింది.

"ప్లమ్ చెట్ల మధ్య పట్టదు."

"ఒక చెట్టు కొట్టెయ్యక్కా, పోయేదేముంది?"

"మా ఆయన సారా కాచుకునేది ఆ పళ్ళతోనే. చెట్టు కొట్టమంటావా, నన్ను కొట్టమంటావా అని అడిగితే రెండు రోజులు ఆలోచిస్తాడు. పక్కది చూపించు."

పక్కది నీలం రంగుది. రంగు తడి ఇంకా ఆరినట్టు లేదు. గాట్లు మూడూ సరిపోయాయి. లాజర్ తాడు ఒక్కసారి లాగాడు. ఇంజను అందుకుంది.

"చూశావా అక్కా? ఒక్క లాగుడు!"

పలాగియా ఆపమంది. ఆపాక ఇంజను మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, తలగుడ్డకి తుడుచుకుంది.

"దీన్ని పొద్దున్నే ఎవరు వేడి చేశారు?"

"ఎండ అక్కా, ఎండ."

"సరే. చల్లారనీ."

అక్కడే ఒక ఖాళీ డబ్బా తిరగేసి కూర్చుంది. మా వైపు ఆవుని కొనేవాడు పొదుగు చూసి కొనడు. నిన్నటినుంచి పాలు తియ్యకుండా ఉబ్బబెట్టి తెచ్చారేమోనని, సొంత బక్కెట్టు పెట్టుకుని పక్కనే కూర్చుంటాడు. అక్కడే ఒకసారి పిండించి, మళ్ళీ పిండే వేళ దాకా కదలడు. అమ్మేవాడు దానికి ఏమీ అనుకోకూడదు. అయితే అది ఆవుకి. యంత్రం దగ్గర అలా కూర్చున్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. లాజర్ కూడా చూసినట్టు లేదు.

"అక్కా, ఇది ఆవు కాదు."

"తెలుసు. ఆవైతే నీ కంటే నేనే బాగా అబద్ధం చెప్పేదాన్ని."

మూట విప్పి రొట్టె, ఉల్లిపాయ, ఉప్పు పట్టించిన పందికొవ్వు తీసింది. నాకో ముక్క పెట్టింది, లాజర్‌కీ ఒకటి ఇవ్వబోయింది. అతను ఆకలి లేదన్నాడు. ఒక బేరగాడు వచ్చి నీలం యంత్రం ధర అడిగితే పలాగియానే జవాబు చెప్పింది.

"పాలు పిండేశారు బాబూ. మళ్ళీ చేపేదాకా ఆగాలి."

అతనూ ఆగాడు. ఇంకో ఇద్దరు చేరారు. ఒకాయన తన గొర్రెని కూడా పట్టుకుని నిలబడ్డాడు. లాజర్ రెండుసార్లు "కాస్త తుడుస్తాను" అంటూ యంత్రం దగ్గరికొచ్చాడు. రెండుసార్లూ పలాగియా కర్ర అడ్డం పెట్టింది.

మధ్యాహ్నం దాటాక లేచి, ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, తాడు లాగింది. ఏడుసార్లు లాగింది. యంత్రం కిక్కురుమనలేదు. లాజర్ కోటు విప్పి తొమ్మిదిసార్లు లాగాడు. గొర్రె ఒకసారి అరిచింది.

"చల్లబడితే కొంచెం మొండికేస్తుందక్కా, అంతే."

"కోత మొదలెట్టేది తెల్లారకముందు, మంచు తడి మీద. అప్పుడు దీనికి కంబళి కప్పమంటావా, ఉల్లిపాయ సూపు పెట్టమంటావా?"

నిలబడ్డవాళ్ళు నవ్వలేదు. ఒక్కొక్కరే వేరే యంత్రాల మీద చేతులు పెట్టి చూడ్డం మొదలుపెట్టారు. లాజర్‌కి అది నవ్వు కంటే నష్టం.

పలాగియా వరస చివరిదాకా వెళ్ళి ఒక టార్పాలిన్ ఎత్తింది. కింద ఒక పొట్టి యంత్రం. రంగు పోయింది, మడ్డినూనె గడ్డ కట్టింది, పళ్ళ మధ్య పోయినేటి గడ్డి ఇరుక్కుని ఉంది.

"అది విడిభాగాలకక్కా. ముట్టుకోకు, చేతులు పాడవుతాయి."

ఆవిడ ఇరుక్కున్న గడ్డిని గోటితో లాగి నలిపి వాసన చూసింది. నాకూ చూపించింది. వాములాంటి ఘాటు.

"ఈ ఆకు పల్లంలో మొలవదు. నిలువు కొండమీదే. ఇది కొండెక్కి వచ్చింది."

ఇంజను చల్లగా ఉంది. దాన్ని అమ్మాలని ఎవరూ అనుకోలేదు గనక, ఎవరూ వేడి చెయ్యలేదు. కర్రతో కొలిచింది. పళ్ళ వరస మూడో గాటుకి బెత్తెడు తక్కువే. కర్రని పిడుల మధ్య దూర్చి కట్టేసింది.

"నా చేతి లాగుడికి అందుకుంటే తీసుకుంటా. అందుకోకపోతే నీ దారి నీది, నా ఆవు దారి దానిది. ట్యాంకు నిండా పోయ్."

లాజర్ పెట్రోలు పోశాడు. ధర దగ్గర ఎక్కువ సేపు పట్టలేదు, మూడు గంటలుగా అతనికి ఓపిక లేదు. ధర కుదిరిందని ఒకరి అరచేతిలో ఒకరు చరిచారు. డబ్బు రుమాలుతో సహా డబ్బా మీద పెట్టి, పలాగియా ఒక బూటు చక్రానికి ఆనించి తాడు లాగింది.

ఏమీ లేదు.

రెండోసారి లాగితే ఒక దగ్గు వచ్చింది. పలాగియా తన భుజం పట్టుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్టో తెలియలేదు. నేను సాయం పడదామని ముందుకి కదిలాను.

"నువ్వు సోమవారం మా ఇంట్లో ఉంటావా?" అంది.

ఉండను. ఆగిపోయాను.

మూడోసారి లాగింది. నల్లపొగ ఒకటి వచ్చింది, దాని వెనక చప్పుడొచ్చింది, చప్పుడు నిలబడింది.

బేరం కుదిరాక ఇద్దరూ ఒక గుక్క తాగితేనే అది బేరం. లాజర్ అప్పటికే సీసా తీసి మూడు గ్లాసుల్లో పోశాడు, ఒకటి నాకు.

"అక్కా! తాగి వెళ్ళు! ఆగక్కా!"

ఆగితే ఇంజను ఆరిపోవచ్చు. ఆరిపోతే మళ్ళీ మూడు లాగుళ్ళు. ఇంటికి పదకొండు కిలోమీటర్లు. పలాగియా గేరు వేసింది. యంత్రం మనిషి నడకతో కదిలింది. గొర్రె ఆసామి పక్కకి తప్పుకున్నాడు. ఆవుల వరస మధ్యలోంచి, మా ఇద్దరి వైపూ తల తిప్పకుండా, గేటు దాటి ఎడమకి తిరిగి వెళ్ళిపోయింది.