గుప్పెడు సున్నం

మా బావగారికి నీళ్ల గురించి తెలియనిది లేదని మా అత్తగారి వైపు అందరి నమ్మకం. కైకలూరు దగ్గర ఆయనకు రొయ్యల చెరువులున్నాయి కాబట్టి లోకంలోని నీళ్లన్నీ ఆయన ఖాతాలోనే. బోరు నీళ్లు పచ్చబడినా, ఎవరి పిల్లకో జుట్టు రాలినా ఆయనకే ఫోను. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆ ఇంట్లో నన్ను గ్లాసుడు నీళ్లు అడిగారే గాని, నీళ్ల గురించి ఒక్క మాట అడిగినవారు లేరు.

గవర్నర్‌పేటలో మా ఫ్లాట్ హాల్లో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాను. అందులో పగడాలు పెంచేదాన్ని. చేపలు లేవు కాబట్టి చాలామంది లెక్కలో అది అక్వేరియమే కాదు. పగడం అనగానే మనవాళ్లకు కుజదోషం తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఒక ముక్క విరిచిస్తే ఉంగరం చేయించుకుంటామనేవారే. అది ప్రాణి అని, నీళ్లలో కరిగిన కాల్షియాన్ని, కార్బొనేటును తీసుకుని తన ఇల్లు తానే కట్టుకుంటుందని చెబితే, "అలాగా అండీ" అని టీవీ వైపు తిరిగేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. వాళ్లకు అర్థం కాకపోతే నాకొచ్చిన నష్టమేమీ లేదు.

ఆ పగడాల్లో ఒకదాని మీద నాకు ప్రాణం. బొటనవేలంత ముక్క తెచ్చుకుంటే అరచేయంత అయింది. లైటు కింద ఆకుపచ్చ కొసలు విప్పుకుని ఊగుతుండేది. నేను చేసిన పనికి ఆ ఇంట్లో ఫలితం చూపించింది అదొక్కటే. అది పెరిగేకొద్దీ నీళ్లలో కాల్షియం తగ్గిపోతుంది. ఆ లోటు నేను సున్నపుతేటతో పూడ్చేదాన్ని. సున్నం నీళ్లలో కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరుకున్న తేట మాత్రం తీసి, వన్ టౌన్‌లో కొన్న సెలైన్ పైపులోంచి చుక్క చుక్కగా వదలాలి. తొందరపడి పోశామా, పీహెచ్ ఎగబాకుతుంది, కరిగి ఉన్న కాల్షియం తెల్లగా విరిగి అడుగున పడుతుంది. ఇదంతా ఇంటర్ సిలబస్‌లో ఉన్నదే. మా ఆయన కూడా ఇంటర్ చదివారు.

మొన్న వేసవిలో బావగారు బ్యాంకు పని మీద వచ్చి మా ఇంట్లో దిగారు. మర్నాడు నాకు స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ, పొద్దున్నే వెళ్లిపోయాను. అక్వేరియం లైట్లు కాస్త పొద్దెక్కాక వాటంతటవే వెలుగుతాయి. అంతవరకు పగడాలు కొసలు లోపలికి లాక్కుని ముడుచుకుని ఉంటాయి. బావగారు కాఫీ గ్లాసు పట్టుకుని వాటి ముందుకొచ్చింది సరిగ్గా ఆ వేళకే.

"ఒరేయ్, ఇయ్యి నీరసపడిపోయినయ్ రా. నీళ్లు దెబ్బతిన్నయ్. సున్నం పడాల" అన్నారట మా ఆయనతో.

వాన పడితే సున్నం, పడకపోతే సున్నం, రొయ్య మేత తినకపోతే సున్నం. ఆయన విద్య అంతా అదే. తీరా నా సున్నం డబ్బా స్టాండు కింద అరలోనే కనబడింది. "ఇంట్లో పెట్టుకుని వెయ్యదేంట్రా మీ ఆవిడ" అంటూ గుప్పెడు తీసి, గట్టు మీద నుంచి జల్లినట్టు జల్లి, చేతులు దులుపుకుని బ్యాంకుకు వెళ్లారు. ఎకరాల్లో ఆలోచించే మనిషికి నాలుగు బిందెల నీళ్లు ఒక లెక్కా?

ఆ రోజు మా సబ్జెక్టు పేపర్లు రాలేదని మమ్మల్ని వెనక్కి పంపేశారు. నేను వచ్చేసరికి తొట్టెలో నీళ్లు పాలలా ఉన్నాయి. టెస్ట్ ట్యూబులో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, వచ్చిన రంగు చార్టులోనే లేదు.

"ఏం వేశారండీ ఇందులో?" అన్నాను.

"అన్నయ్య కాస్త సున్నం వేశాడు. తేరుకుంటాయన్నాడు."

"తేరుకోవు. ముందు పగడాలను బయటికి తియ్యాలి, తర్వాత నీళ్లన్నీ మార్చాలి."

మా ఆయన నా మొహం చూశారు, నా చేతిలో టెస్ట్ ట్యూబు చూశారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి వాళ్లన్నయ్యకు చేశారు. స్పీకర్ కూడా పెట్టారు, నేనూ విని నేర్చుకుంటానని కాబోలు.

"అన్నయ్యా, నీళ్లు తెల్లగా అయిపోయినయ్. నీ మరదలేమో మార్చాలంటంది."

"మార్చబాకండి. అది పని చేస్తన్నట్టు రా. ఇంకో గుప్పెడు వెయ్యి, సాయంత్రానికి సెట్ అయిపోద్ది."

"అట్టాగే" అని మా ఆయన డబ్బా కోసం వంగారు.

బావగారి మీద నాకు కోపం రాలేదు. ఆయనకు తెలిసిందేదో ఆయన చేశారు. వంగిన ఆ వీపును చూస్తేనే అసహ్యం వేసింది. పక్క సోఫాలో కూర్చుని, నేను చుక్క చుక్కగా వదలడం ఇన్నేళ్లూ చూసిన మనిషి.

నీళ్లు మార్చడానికని ముందే కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్లు బాల్కనీలో బకెట్‌లో ఉన్నాయి. ఆయన గుప్పెడు తీసేలోగా నా ఆకుపచ్చ పగడాన్ని పైకి తీస్తే ఒక పక్క జిగురు జిగురుగా ఊడి చేతికొచ్చింది. దాన్ని బకెట్‌లో పెట్టుకుని కిందికి దిగి, ఆటో ఎక్కి, కాలేజీ ల్యాబ్‌కు తీసుకుపోయాను. చేపలా మేడమ్ అని ఆటో అతను అడిగాడు. అవునన్నాను.

తొట్టెలో ఉండిపోయిన పగడాలేవీ దక్కలేదు. దీనిలోనూ సగం చచ్చిపోయింది. మిగతా సగం ల్యాబ్‌లో ఒక పాత గాజు తొట్టెలో బతికింది, ఈ మధ్యే మళ్లీ కొసలు విప్పుతోంది. రెండో గుప్పెడు పడి ఉంటే మొత్తం దక్కేదని బావగారు ఊళ్లో చెబుతున్నారట. వినేవాళ్లు తలలూపే ఉంటారు.

కొన్నాళ్లు గడిచాక మా ఆయన అడిగారు, "దాన్ని ఇంటికి ఎప్పుడు తెస్తావు? చుట్టాలొస్తే హాలు బోసిగా ఉంటంది."

"మీ అన్నయ్యగారిని అడిగి చెప్పండి" అన్నాను.

నేను వెటకారంగానే అన్నాను. ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లారు.