పద్నాలుగో నంబరు బిళ్ల

మొన్న మా మేనల్లుడు హైదరాబాదులో తాను పనిచేసే డేటా సెంటర్ గురించి చెబుతూ, అక్కడ వేలకొద్దీ యంత్రాలున్నా ఏది ఏ గదిలో ఏ అరలో ఉందో కూర్చున్న చోటి నుంచే తెలుస్తుందని, ప్రతి యంత్రం తన నంబరు తనే చెప్పుకుంటుందని అన్నాడు. నేను పైకి ఊఁ కొడుతూనే మనసులో తెనాలి వెళ్లిపోయాను.

తొంభైల మొదట్లో, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజుల్లో, తెనాలిలో ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్లో నాకు ఉద్యోగం దొరికింది. మీకూ గుర్తుండే ఉంటుంది ఆ చల్లటి గది, అద్దాల తలుపు, తలుపు దగ్గర చెప్పుల గుట్ట. బాపట్లలో, రేపల్లెలో రెండు శాఖలుండేవి. ప్రతి కంప్యూటర్ పెట్టె వెనకా నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల రెండు మరలతో బిగించి ఉండేది. ఏ నంబరు ఏ ఊళ్లో ఉందో, పెట్టె లోపల ఉండే కంపెనీ నంబరేదో రాసే రిజిస్టరు నా చేతికిచ్చారు. నేను చదివింది బీకామ్, కంప్యూటర్ గురించి తెలిసింది సున్నా, కాబట్టి ఆ రిజిస్టరునే పట్టుకు వేలాడాను.

యంత్రాలు బాగుచేసేది బాబాయి. సొంత బాబాయి కాదు, సెంటర్లో అందరం అలాగే పిలిచేవాళ్లం. అంతకుముందు ఇరవై ఏళ్లు రేడియోలు బాగుచేసిన చెయ్యి. రేపల్లెలో ఒకటి మొరాయిస్తే, క్లాసు ఆగకూడదని బాపట్ల నుంచి ఇంకోటి తువ్వాలులో చుట్టి, బస్సులో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్లేవాడు. చెడినదాన్ని బాగుచేసి బాపట్లలో పెట్టేసేవాడు. తనిఖీకి వెళ్లి, రేపల్లె నంబరు బాపట్లలో కనిపిస్తే నాకు ఒళ్లు మండేది. ఒకసారి వయసు కూడా చూడకుండా, నలుగురి ముందూ ఆయన్ని దులిపేశాను. ఆ తర్వాత ఏ తనిఖీలోనూ ఒక్క తేడా రాలేదు. యజమాని మెచ్చుకున్నాడు, నేను మురిసిపోయాను.

అంతలో కంప్యూటర్లు అమ్మినవాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా పెట్టెలోని హార్డ్ డిస్కులో లోపముందనీ, ఎక్కించిన సమాచారమంతా ఎప్పుడైనా పోవచ్చనీ, మనిషిని పంపి ఉచితంగా మారుస్తామనీ దాని సారాంశం. ఉత్తరంలోని కంపెనీ నంబరు పట్టుకుని రిజిస్టరులో వెతికితే అది మా పద్నాలుగు, ఉన్నది బాపట్లలో. బాబాయి ఆ వారం సెలవు. ఆయన వచ్చేదాకా ఆగుదామా అని యజమాని అడిగితే, రిజిస్టరు ఉండగా ఎందుకండీ అన్నాను. వచ్చినవాడు నా మాట మీద, లోపలి నంబరు చూడకుండానే బాపట్లలో పద్నాలుగో బిళ్ల ఉన్న పెట్టెలో డిస్కు మార్చి, అటునుంచటే రైలెక్కి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా రేపల్లెలో ఒక పెట్టె చచ్చిపోయింది. ఒక కాలేజీ కోసం రెండు నెలలుగా ఎక్కించిన మార్కుల జాబితాలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకోచోట దాచుకునే అలవాటు మాకింకా లేదు. ఆ పని చేసిన అమ్మాయి కీబోర్డు ముందే కూర్చుని ఏడ్చింది. బాబాయి విప్పి, లోపలి కంపెనీ నంబరు చూసి, అసలు పద్నాలుగు ఇదేనని తానే ఒప్పుకున్నాడు. నేను కేకలేసిన రోజు నుంచి పెట్టె మార్చినప్పుడల్లా బిళ్ల కూడా విప్పి మారుస్తున్నాడట.

“ఏంటయ్యా ఈ పని?” అని యజమాని కేకలేశాడు. బాబాయి నా వైపు తిరిగి, “నీ పుస్తకం తప్పు పడకూడదని మార్చానబ్బాయ్,” అన్నాడు, అందులో నిష్ఠూరం కూడా లేదు. నేను తల వంచుకుని రిజిస్టరు తిప్పుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ రేడియోల దగ్గరికే వెళదామంటే, అప్పటికి రేడియో బాగుచేయించుకునేవాళ్లే కరువయ్యారు.

ఇప్పుడు యంత్రం తన నంబరు తనే చెప్పుకుంటుందట, మంచిదే. ఎవరి కోపానికో జడిసి బిళ్లలు విప్పే అవసరం ఎవరికీ రాదు. ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చేవాడూ ఉండడు. ఆ రిజిస్టరులో చివరిదాకా ఒక్క కొట్టివేత కూడా లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ సిగ్గుగా ఉంటుంది.