పావని చేసిన పత్తి పువ్వు

వడ్డేపల్లి దగ్గరి పల్లెలో విత్తనాల కోసం సీడు పత్తి వేసే రైతులందరికీ శాంతమ్మ చేతి పని తెలుసు. సాయంత్రం పూట మొగ్గ ఒలిచి, లోపలి పుప్పొడి భాగాన్ని బొటనవేలి గోరుతో గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. మూడో తరగతిలో బడి మాన్పించి తల్లి ఆమెను ఆ పనికి తీసుకుపోయింది. పెళ్లయ్యాక భర్త ఇస్రాయేలుతో పుణెకు పోయి ఇటుకలు మోసింది. కూతురు పావని పుట్టాక ఊరికి తిరిగొచ్చి మళ్లీ చేలల్లోకే దిగింది గానీ, బిడ్డను మాత్రం ఒక్క పువ్వునూ ముట్టనివ్వలేదు. సెలవుల్లో ఎవరైనా రైతు అడిగితే, "నా బిడ్డ రాదు" అని ముఖం మీదే చెప్పేది.

పావని తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు, డిసెంబరులో బడిలో ప్రదర్శన పెట్టారు. కొన్నాళ్లుగా బడి వదిలాక కూడా పావని అక్కడే ఉండి ఏదో తయారు చేస్తోంది. ఏమిటని అడిగితే, "వచ్చి చూస్తవు గదా" అనేది. ఆ రోజు శాంతమ్మ పత్తి ఏరడం మధ్యాహ్నానికే ఆపి, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని బయల్దేరింది. బిడ్డ చేసింది చూసి వెంటనే వెనక్కి వచ్చేద్దామనుకుంది.

వరండాలో పిల్లలు వేసిన బొమ్మలు దారాలకు వేలాడుతున్నాయి. కృష్ణమ్మ, జొన్న చేలు, మగ్గం ముందు కూర్చున్న మనిషి. అవన్నీ దాటి గదిలోకి పోతే, కిటికీ పక్క బల్ల దగ్గర పావని నిలబడి ఉంది. బల్ల మీద చాటంత పత్తి పువ్వు. పాత ఓణీ గుడ్డతో రేకులు, పసుపు అద్దిన అగ్గిపుల్లలతో పుప్పొడి.

శాంతమ్మ ముఖం మాడిపోయింది.

"ఏందే గిది? నిన్ను చేన్ల దిక్కు పోనీయకుండ పెంచితే, బళ్లె గూడ గీ పువ్వేనా?" అంది గొంతు తగ్గించి.

పావని బదులు చెప్పేలోపు ఎవరో పిల్లల తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చారు. పావని మొదలుపెట్టింది.

"పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. వదిలేస్తే తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. రెండు రకాల మంచి గుణాలు ఒకే గింజలోకి రావాలంటే మాత్రం, ఒకదాని మగ భాగం విచ్చుకోకముందే తీసేసి రెండోదాని పుప్పొడి అద్దాలి. ఆ పని చేతులతోనే చేస్తారు. మా అమ్మ చేస్తుంది. ఈమే మా అమ్మ."

వాళ్లు తిరిగి చూసేసరికి శాంతమ్మ కొంగు సర్దుకుంది. ఇన్నేళ్లలో చేను దగ్గర అందరూ ఒకటే మాట అనేవాళ్లు: ఒక్క ముక్క మిగిలినా కాయ పనికిరాదు. ఎందుకు పనికిరాదో ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

వాళ్లు పోగానే బల్లకు దగ్గరగా జరిగింది.

"ఇంకోసారి చెప్పవే."

"ఏంది?"

"గిల్లకపోతే ఏమైతదో గది."

పావని ఈసారి అగ్గిపుల్లలు ఒక్కొక్కటే పీకి చూపిస్తూ నిదానంగా చెప్పింది. శాంతమ్మ తలూపుతూ విన్నది.

"అంటే గా పువ్వుకు మనతోని పని లేదు. మనకే దాంతోని పని."

పావనికి నవ్వొచ్చింది. "గట్లనే అమ్మా."

"మరి పక్క బల్ల మీద గా పొగ గుట్ట ఏంది? గది గూడ జర చెప్పు."

"గది నాది కాదు. చేసినోళ్లనే అడుగు."

అడిగింది. అగ్నిపర్వతం దగ్గర అడిగింది, వాన కొలిచే సీసా దగ్గర అడిగింది. పిల్లలు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఆమె రాకముందే పిలవసాగారు. బహుమతులు ఇచ్చే వేళకు కూడా ఆమె, సీసాలో రెండు బుడగలు ఉబ్బించి ఊపిరి ఎలా ఆడుతుందో చూపే ఇంకో బల్ల దగ్గరే ఉంది. పావనికి ఏదీ రాలేదు.

"శాంతమ్మా, పొద్దు గూకుతుంది. ఆటో దొరకదు మీకు," అంది దీపిక టీచరు.

"జర ఆగు మేడం, గీ బల్ల ఒక్కటి."

ఇంటికి చేరేసరికి ఇస్రాయేలు గడపలో కూర్చుని ఉన్నాడు.

"బిడ్డకు ఏమొచ్చింది?"

"ఏం రాలే. నువ్వు గిట్ల రా, కూసో," అంటూ శాంతమ్మ అతని ఛాతీ మీద చేయి పెట్టింది. "లోపల రెండు బుగ్గలుంటయి. గాలి పీలిస్తే ఉబ్బుతయి. పీల్చు, నీకే తెలుస్తది. వాటి పేరేందే, పావనీ?"